ఏనుగూ, సైదాపేట సర్టిఫికెట్టూ

కోడి రామమూర్తి నాయుడి పేరు వినగానే మనకు ముందుగా కనిపించేది ఏనుగు. నేల మీద వెల్లకిలా పడుకున్న మనిషి, ఆయన ఛాతీ మీదుగా నడిచి వెళ్ళే ఏనుగు. ఆ తర్వాత గుర్తుకు వచ్చేవి ఊపిరి బిగపట్టి తెంపిన ఇనుప గొలుసులు, కదలనివ్వకుండా ఆపిన రెండు కార్లు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం ఉంది, విశాఖపట్నం బీచిలో విగ్రహం ఉంది. మా వైపు, అన్నం దగ్గర పేచీ పెట్టే పిల్లలకు పెద్దవాళ్ళు చాలాకాలం ఆయన పేరే చెబుతూ వచ్చారు.

ఇంతటి ప్రసిద్ధుడి జీవితకథలో, ఎవరూ నిలబడి చూడని వాక్యం ఒకటి ఉంది. ఆయన మద్రాసు వెళ్ళి, సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, ఉపాధ్యాయుడిగా పనిచేసేందుకు యోగ్యతాపత్రం తీసుకుని, విజయనగరం తిరిగివచ్చి, తాను చదివిన హైస్కూల్లోనే వ్యాయామోపాధ్యాయుడిగా చేరారు. ఆయన కథ చెప్పేవారు సాధారణంగా ఈ వాక్యాన్ని ఒక్క ఊపులో దాటి సర్కస్ గుడారంలోకి వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఇక్కడే కాసేపు ఆగాలనిపిస్తుంది.

ఆయన 1882లో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. చిన్నతనంలోనే తల్లి పోతే, విజయనగరంలో పోలీసుశాఖలో పనిచేసే పినతండ్రి ఇంట పెరిగారు. పుస్తకాల మీద కంటే కసరత్తు మీదే మనసు. అప్పటి విజయనగరంలో కసరత్తుకు కొరత లేదు. తాలింఖానాలు, గోదాలు, సాము గరిడీలు, దండీలు, బస్కీలు, పల్లెల్లో సంగిడి రాళ్ళు. వీటి మధ్య పెరిగిన కుర్రవాడు సైదాపేట వెళ్ళేనాటికే బలవంతుడు. బలం సంపాదించడానికైతే ఆయనకు అంత దూరం వెళ్ళవలసిన అవసరం లేదు.

మరి ఎందుకు వెళ్ళినట్టు? ఉద్యోగం కోసమని తేలిగ్గా చెప్పవచ్చు. అది నిజం కూడానేమో. కానీ ఆ ఉద్యోగానికి బలం ఉంటే చాలదనీ, ఒక యేడాది చదువు కావాలనీ అప్పటి విద్యాశాఖ అనుకోవడంలో ఒక వివేకం ఉంది. గోదాలో వస్తాదు దగ్గరకు వచ్చేవాడు ఇష్టపడి వచ్చేవాడు. దెబ్బ తగిలితే ఓర్చుకుంటాడు, నచ్చకపోతే రావడం మానేస్తాడు. బడిలో వరుసగా నిలబడ్డ నలభైమంది అలాంటివాళ్ళు కారు. వారిలో బక్కవాడు ఉంటాడు, భయస్థుడు ఉంటాడు, ఆయాసం ఉన్నవాడు ఉంటాడు, మాస్టారు చూడనప్పుడు పక్కవాణ్ణి తోసేవాడూ ఉంటాడు. వస్తాదు తనకున్న విద్యను చూపిస్తే సరిపోతుంది. డ్రిల్లు మాస్టారు ఆ విద్యను ముక్కలు చేసి, ఏ ముక్క ముందో ఏది వెనకో తెలుసుకుని, అందరిలోకీ బలహీనుడికి అందేలా ఇవ్వాలి. ఈ రెండోది పుట్టుకతో వచ్చేది కాదు, అభ్యాసం మీద రావలసిందే.

సైదాపేటకు ఆ పేరు ఊరికే రాలేదు. 1856లో మద్రాసులో మొదలైన ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయం తర్వాతి కాలంలో అక్కడికి చేరింది. ఇప్పుడు చాలామందికి తెలిసిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల ఇంకా తర్వాతది. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ దాన్ని మద్రాసులో స్థాపించాడు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టును నడిపించినవాడు కూడా ఆయనే. తెలుగు జిల్లాల నుంచి వెళ్ళిన మన పాతతరం డ్రిల్లు మాస్టార్లకు మద్రాసే కాశీ. రామమూర్తిగారు బక్ కళాశాల పుట్టడానికి ముందే ఆ కాశీకి వెళ్ళివచ్చినవారన్నమాట.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మీలో చాలామంది మంచు కురిసే దేశాల్లో ఉంటున్నారు. అక్కడ బళ్ళో చదివే మీ పిల్లలు చలికాలంలో ఒక వారం స్కీయింగ్ శిబిరానికి వెళ్ళివచ్చిన ముచ్చట్లు రాస్తూ ఉంటారు. మంచు మొహం ఎరగని మా విజయనగరంలో కూర్చుని వాటిని చదివేటప్పుడు నా దృష్టి మంచు మీదకు పోదు. ఆ పిల్లలను కొండ మీదకు తీసుకువెళ్ళింది ఎవరు, వారికి ఆ పని ఎవరు నేర్పారు అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. అలా కొంత చదివాను. ఆ చదువులో ఒక బడిపంతులు ఎదురయ్యాడు.

ఆయన పేరు మథియాస్ జ్‌డార్‌స్కీ. 1856లో మొరావియా ప్రాంతంలో పుట్టాడు. ఉపాధ్యాయుడు, చిత్రకారుడు, శిల్పి. ఆస్ట్రియాలో లిలియన్‌ఫెల్డ్ అనే ఊరి దగ్గర కొండవాలు మీద స్థిరపడ్డాడు. నాన్సెన్ గ్రీన్‌లాండ్‌ను స్కీల మీద దాటిన కథ చదివి ఉత్సాహపడి నార్వే నుంచి ఒక జత తెప్పించుకున్నాడు. తీరా చూస్తే, నార్వే మైదానాలకు సరిపోయే ఆ పొడవాటి చెక్కలు ఆల్ప్స్ వాలు మీద నిలవలేదు. చెక్కలను పొట్టి చేశాడు, పాదాన్ని చెక్కకు బిగించే కట్టును మార్చాడు, ఒంటరిగా యేళ్ళ తరబడి సాధన చేశాడు. ఆ పద్ధతిని 1890ల చివర్లో పుస్తకంగా రాశాడు. ఆ తర్వాత చాలామందికి స్వయంగా నేర్పాడు.

నార్వే రైతుకు స్కీయింగ్ నడకతో పాటు వచ్చేసింది. ఎలా వచ్చిందని అడిగితే అతను చెప్పలేడు. నడి వయసుకు దగ్గరవుతూ ఆ విద్య మొదలుపెట్టిన జ్‌డార్‌స్కీకి మాత్రం తాను ఎక్కడెక్కడ పడ్డాడో, ఎందుకు పడ్డాడో గుర్తుంది. వాటిని వరుసగా రాస్తే పాఠం అయింది. ఆ పాఠం నేర్చుకున్న లెర్ఖ్ అనే ఆస్ట్రియా సైనికాధికారి జపాన్ వెళ్ళి, 1911 జనవరి 12న తకాదా పట్టణంలో అక్కడి సైనికులకు స్కీయింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. మరుసటి యేడు హొక్కైదో దీవిలోనూ నేర్పాడు. ఇవాళ హొక్కైదో బళ్ళలో చలికాలపు వ్యాయామ పాఠమంటే చాలాచోట్ల స్కీయింగే. ఒక బడిపంతులు వాలు మీద పడుతూ లేస్తూ కూడబెట్టిన క్రమం, అర్ధ ప్రపంచం దాటి మరో దేశపు బడిపిల్లల కాళ్ళకు చేరింది. చెక్కలు ఓడెక్కి ఎక్కడికైనా పోగలవు. నేర్పే క్రమం మాత్రం ఒక మనిషి నుంచి మరో మనిషికి చేరవలసిందే.

స్విట్జర్లాండు దీన్ని ఒక ఏర్పాటుగానే మార్చుకుంది. యువతకు క్రీడలు నేర్పేందుకు 1972లో అక్కడి సమాఖ్య ప్రభుత్వం ఒక పథకం మొదలుపెట్టింది. లెక్కల పంతులైనా, చరిత్ర పంతులమ్మైనా, ఆసక్తి ఉంటే కొద్దిరోజుల శిక్షణ తీసుకుని స్కీయింగ్ నాయకుడిగా గుర్తింపు పొందవచ్చు. అలాంటి గుర్తింపు ఉన్నవారు నడిపే శిబిరాలకు ప్రభుత్వం డబ్బు సాయం చేస్తుంది. నాకు నచ్చిన అంశం ఇంకొకటి ఉంది. ఆ గుర్తింపు ఒకసారి వచ్చి జీవితాంతం గోడకు వేలాడేది కాదు. రెండేళ్ళకోసారి మళ్ళీ శిక్షణకు వెళ్ళి నిలుపుకోవాలి. మంచు ఏటా మారుతుంది, పిల్లలు మారతారు, పంతులు మోకాళ్ళు కూడా మారతాయి గదా!

మనకు మంచు లేదు, ఈ గొడవంతా మనకెందుకని మీరు అడగవచ్చు. మనకు నీళ్ళున్నాయి. నాగావళి, వంశధార, చంపావతి, గోస్తని. ఊరూరా చెరువులు, గెడ్డలు. భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి మీదుగా సాగే సముద్రం. మంచు కొండల మధ్య పుట్టిన పిల్లవాడికి స్కీయింగ్ ఎలాంటిదో మా పిల్లలకు ఈత అలాంటిది. కాకపోతే స్కీయింగ్ రాని పిల్లవాడు ఇంట్లో కూర్చుంటే సరిపోతుంది, ఈత రాని పిల్లవాడు నీళ్ళకు దూరంగా బతకలేడు.

ఒకప్పుడు ఈత నేర్పడానికి బడి అవసరం లేదు. పొలంలో నేలనుయ్యి ఉండేది. మేనమామో చిన్నాన్నో ఎండిన ఆనపకాయ బుర్రలు వీపుకు కట్టి నూతిలోకి దింపేవాడు. రెండు బుర్రలు ఒకటయ్యేవి, ఒకటి సగమయ్యేది, ఒకనాడు ఏమీ లేకుండానే తేలేవాళ్ళం. ఆలోచిస్తే అదీ క్రమమే, అదీ పాఠమే. ఆ తర్వాత బోర్లు వచ్చాయి. నూతులు పూడిపోయాయి. మేనమామలు హైదరాబాదుకో దుబాయికో వెళ్ళారు. ఆడపిల్లలకు ఆ నూతి పాఠం మొదటినుంచీ లేనే లేదు. చేతి నుంచి చేతికి వచ్చే విద్య ఒక తరంలో తెగిపోతే, దాన్ని అందుకోవలసింది బడి. బడి అందుకోలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కార్తీకమాసంలో మా బడివాళ్ళు నాగావళి ఒడ్డుకు వనభోజనాలకు తీసుకువెళ్ళారు. ముగ్గురు ఉపాధ్యాయులు, డెబ్భైమంది పిల్లలం. ఇసుక తవ్విన గొయ్యి ఒకటి నీళ్ళ కింద కనిపించకుండా ఉంది. మోకాలి లోతులో ఆడుతున్న మా క్లాసు కుర్రవాడు ఒకడు ఒక్క అడుగు పక్కకు వేసి అందులోకి వెళ్ళిపోయాడు. ఒడ్డున ఉన్న ముగ్గురు ఉపాధ్యాయుల్లో ఎవరికీ ఈత రాదు. ఒకాయన పంచె విప్పి విసరబోయారుగానీ అప్పటికే చేతులు కనిపించడం లేదు. దూరంగా గేదెలు కడుగుతున్న మనిషి పరుగెత్తుకు వచ్చి వాణ్ణి పైకి తెచ్చాడు. తెచ్చాక ఏం చెయ్యాలో ఆయనకూ తెలియదు, మాకెవరికీ తెలియదు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పారు. వాడు బతకలేదు.

ఆ ముగ్గురి మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. వారిలో ఒకరు ఆ తర్వాత నది వంతెన దాటవలసి వచ్చినప్పుడల్లా బస్సులో కళ్ళు మూసుకునేవారని విన్నాను. నా కోపమంతా ఆ తర్వాత బడి చేసిన పని మీద. బడి చేసిన పని ఒక్కటే: వనభోజనాలు మానేసింది. ఒక్క ఉపాధ్యాయుడికీ ఈత నేర్పించలేదు, ఒక్క పిల్లవాడికీ నేర్పించలేదు. నది మాత్రం ఉన్నచోటే ఉంది. సెలవుల్లో పిల్లలు అదే నదికి, ఈసారి ఏ మాస్టారూ వెంట లేకుండా వెళ్ళారు.

ఇది మా ఒక్క బడి కథ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. 5 నుంచి 14 ఏళ్ళ మధ్య పిల్లల మరణానికి కారణాల్లో ఇది మూడోది. ఆ సంస్థ చేసే సిఫారసుల్లో, బడి వయసు పిల్లలకు ఈత, నీటి దగ్గర జాగ్రత్తలు నేర్పడం ఒకటి.

ఇక మన చట్టాన్ని చూడండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి, ఆట వస్తువులు ఉండాలి. వ్యాయామం నేర్పే మనిషి మాత్రం 6 నుంచి 8 తరగతులున్న బడిలో పిల్లలు నూరుమందికి మించితేనే, అదీ పార్ట్‌టైమ్‌గా. స్థలం ఖాయం, బంతి ఖాయం, మాస్టారు మాత్రం షరతుల మీద! పంతుళ్ళ శిక్షణ ఏమీ లేదనడం లేదు. వ్యాయామ విద్యలో బి.పి.ఎడ్. కోర్సు 2014 నిబంధనల తర్వాత రెండేళ్ళయింది. రామమూర్తిగారి కాలానికి ఇది రెట్టింపు. కానీ ఆ చదువు చదివినవారు అన్ని బళ్ళకూ చాలరు. చిన్న బడిలో ఉండేది ఇద్దరో ముగ్గురో ఉపాధ్యాయులు. పిల్లలను నీళ్ళ దగ్గరకు తీసుకువెళ్ళేదీ వాళ్ళే. స్విట్జర్లాండు లెక్కల పంతులికి ఇచ్చే ఆ కొద్దిరోజుల శిక్షణ కావలసింది వీళ్ళకే.

మనకు క్రీడాకారులు లేరా అంటే, ఉన్నారు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమె వెనక నీలంశెట్టి అప్పన్న అనే గురువున్నారు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. అదే యేడు మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. భువనగిరి రాతికొండ మీద మొదలైన శిక్షణ వాళ్ళను డార్జిలింగు మంచు దాకా, అక్కడి నుంచి శిఖరం దాకా తీసుకువెళ్ళింది. ఈ కథలన్నిటా సమర్థుడైన గురువుకు చురుకైన శిష్యులు దొరికారు. అవి గర్వించదగ్గ కథలే. నేను అడుగుతున్నది మాత్రం వేరు. పతకం రాని పిల్ల, ఎంపికలో మిగిలిపోయిన పిల్లవాడు, వరుసలో చివర నిలబడ్డ భయస్థుడు, వీళ్ళు కనీసం నదిలో మునగకుండా ఉండాలి. అందుకు కావలసింది గొప్ప గురువు ఒక్కడు కాదు, తగుమాత్రం నేర్చిన పంతుళ్ళు వందలమంది.

ఇది డబ్బున్న దేశాలకే చెల్లుతుందనుకోనక్కర్లేదు. బంగ్లాదేశ్ పల్లెల్లో ఊరి చెరువునే బడిగా మార్చారు. నీళ్ళలోకి వెదురుతో కట్టిన వేదిక దింపుతారు. అడుగున వెదురు పరుపు, చుట్టూ వెదురు దడి. అందులో పిల్లవాడు నిలబడితే తల పైకే ఉంటుంది. నేర్పేవాళ్ళు ఆ ఊరి యువతీ యువకులే, ముందుగా శిక్షణ పొందినవాళ్ళు. అక్కడ ఈతకొలను లేదు, పలకల గచ్చు లేదు. మా విజయనగరం జిల్లాలో లేని వెదురా, లేని చెరువా?

పైగా మాకు మరో భాగ్యం ఉంది. తీరం పొడుగునా నీటిని చూసి దాని మనసు చెప్పగల మత్స్యకారులున్నారు. ఏ అల వెనక్కు లాగుతుందో, ఏటి మొగలో ఇసుక ఎక్కడ కదులుతుందో వాళ్ళకు తెలిసినంత ఏ పుస్తకానికీ తెలియదు. వాళ్ళ చేత మన పంతుళ్ళకు పాఠం చెప్పించవచ్చు. అయితే వాళ్ళది నార్వే రైతు విద్య. నడకతో పాటు వచ్చింది కనుక ముక్కలు చేసి చెప్పడం కష్టం. నీటిని చూసి భయపడి, ఆ భయాన్ని దాటి నేర్చుకున్న పంతులు పక్కన ఉంటే, ఆ భయం ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గుతుందో పిల్లలకు చెప్పగలడు. ఒకరికి నీరు తెలుసు, మరొకరికి పిల్లలు తెలుసు. ఇద్దరినీ ఒక వారం ఒకే చెరువు గట్టున కూర్చోబెట్టడమే శిక్షణ.

ఆ వారంలో ఏం నేర్పాలన్నది పెద్ద రహస్యం కాదు. నీళ్ళలో మొహం పెట్టి ఊపిరి వదలడం, వెల్లకిలా తేలడం, ఒడ్డును చేరడం. పిల్లలను జంటలుగా విడదీసి, ఒకరికొకరు కాపలా ఉండేలా చెయ్యడం. ఒక్కొక్కరి వెనక ఎంతమంది పిల్లలను దింపవచ్చో తెలుసుకుని, అంతకు మించి దింపకపోవడం. దిగేముందు లోతు కర్రతో కొలవడం. మునుగుతున్నవాడి దగ్గరకు తాను దూకకుండా గట్టు మీద నుంచే కర్రో తాడో అందించడం. బయటికి తీశాక కాళ్ళు పట్టుకుని తిప్పకుండా నోటిలోకి ఊపిరి ఊదడం, గుండె మీద నొక్కడం. అన్నిటికంటే ముఖ్యంగా, ఇవాళ నీళ్ళు బాగాలేవు, వెనక్కు వెళ్దాం అని చెప్పగల ధైర్యం. స్కీయింగ్ నేర్పే పంతులు వాలును చూసి ఆ మాట అనడం ఎలా నేర్చుకుంటాడో, మన పంతులూ నదిని చూసి అలాగే నేర్చుకోవాలి.

రామమూర్తిగారు బడిలో ఎన్నాళ్ళో ఉండలేదు. విజయనగరంలో సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు, లండను వెళ్ళి రాజదంపతుల మెప్పు పొందారు, చివరికి కాలు పోగొట్టుకుని 1942 జనవరి 16న ఒరిస్సాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. ఆయన ఎత్తిన బరువులు ఆయనతోనే పోయాయి. ఆ ఏనుగును మోయడం ఆయన వల్లనే అయింది, మరొకరికి సంక్రమించేది కాదు. విజయనగరం బడి మైదానంలో ఆయన ఎదుట వరుసగా నిలబడ్డ కుర్రవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళలో ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళి తమ్ముడికి దండీ తీయడం నేర్పే ఉంటాడు. ఆ తమ్ముడు తన కొడుక్కి నేర్పే ఉంటాడు. సైదాపేట సర్టిఫికెట్టు చేసిన పని అలా లెక్కకు అందకుండా సాగుతుంది.

ఈ వేసవిలో మా ఊరి చెరువు దగ్గర నలుగురు ఉపాధ్యాయులను, ఇద్దరు జాలరి పెద్దలను ఒకచోట చేర్చే ప్రయత్నంలో ఉన్నాను. ఇద్దరు పంతుళ్ళు, ఒక పంతులమ్మ సరేనన్నారు. నాలుగో ఆయన ఆలోచించి చెబుతానన్నారు. వెదురు మాటాడి పెట్టాం. మంచు దేశాల్లో ఉన్న మిత్రులు మీ పిల్లల బళ్ళో పంతుళ్ళకు ఆ శిక్షణ ఎలా ఇస్తారో, ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలను అప్పగిస్తారో అడిగి తెలుసుకుని రాస్తే మాకు పనికొస్తుంది. మిగిలినవారు, మీకు ఈత ఎవరు నేర్పారో, ఎలా నేర్పారో రాయండి. ఆనపబుర్ర ఎన్నో రోజున తీసేశారో కూడా గుర్తుంటే చెప్పండి, మా పాఠంలో చేర్చుకుంటాం.